చాందా అడవులలో మూడు రోజులు

చంద్రపూర్ అనగానే మనవారికి రెండే జ్ఞప్తికి వస్తాయి: బొగ్గు, ఎండ. బొగ్గు మా తండ్రులనాటి నుండి మాకు అన్నం పెడుతున్నది. ఎండ మాటకు వస్తే, వేసవిలో 45 డిగ్రీలు దాటిన రోజులు ఇక్కడ అరుదు కావు. ఊరి పాత పేరు చాందా. గోండు రాజులు ఇరయి, ఝర్‌పట్ నదుల చెంత కోట కట్టుకొని ఏలిన రాజధాని ఇది. ఆ కోట గోడలు, జట్పురా దర్వాజా, మహాకాళి గుడి నేటికీ ఉన్నవి. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుండి గనులలో పనికి వచ్చి చంద్రపూర్, బల్లార్‌పూర్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. మేమూ ఆ కోవలోని వారమే.

నలభై ఏళ్ళు ఇక్కడ కాపురం చేసి, పిల్లల పెళ్ళిళ్ళు చేసి, ఉద్యోగ విరమణ కూడా అయిన తరువాత గాని, ఊరికి ముప్పై కిలోమీటర్లు లేని అడవిని చూడటానికి మాకు తీరిక దొరకలేదు. తిరుపతికి ఏడుసార్లు పోయినాము. కాశీకి రెండుసార్లు పోయినాము. తాడోబాకు ఒక్కసారైనా పోలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత ఊరకే పుట్టలేదు.

మొన్న సంక్రాంతి సెలవులకు హైదరాబాదు నుండి వచ్చిన మా మనుమడు, "తాతా, మీ ఊళ్ళో పులులున్నాయట గదా, ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అని నిలదీసినాడు. చెప్పటానికి మేము చూచినది ఏముంది? వెంటనే మా పక్కింటి వదినగారి కుటుంబాన్ని, మరొక మిత్రుని కుటుంబాన్ని కూడగట్టుకొని, మొత్తం తొమ్మిదిమందిమి మూడు రోజుల యాత్ర నిర్ణయించుకొన్నాము. మాకు దారి చూపటానికి మొహర్లీ దాపునున్న పల్లె నుండి ఒక గోండు యువకుడు వచ్చినాడు. మరాఠీ, హిందీ, గోండీ ధారాళంగా మాట్లాడతాడు. తెలుగు అర్థమవుతుంది, పట్టి పట్టి మాట్లాడగలడు. మెడలో దుర్భిణి, చేతిలో నలిగిపోయిన పక్షుల పుస్తకం.

"మొదటి రోజు నీళ్ళు, రెండో రోజు అడవి, మూడో రోజు నదీ గుట్టా" అని కార్యక్రమం చెప్పి, ఎవరెవరికి ఏమేమి చూడాలని ఉన్నదో అడిగినాడు. మనుమడు "పులి" అన్నాడు. వదినగారు "నెమలి పురి విప్పితే చాలు" అన్నారు. మా వంతు వచ్చినప్పుడు "రాబందు" అన్నాము. అందరూ నవ్వినారు. ఇంటిమీద వాలితే అరిష్టమని శాంతి చేయించుకొనే పక్షిని డబ్బిచ్చి చూడటమేమిటని వదినగారి ఆశ్చర్యం. గైడు మాత్రం నవ్వలేదు. "కాకా, అది పులికంటె కష్టం. చూద్దాం" అన్నాడు. ఎందుకు అడిగినామో అతనికి అప్పుడు చెప్పలేదు. పాఠకులకు కూడా సమయం వచ్చినప్పుడే చెబుతాము.

మొదటి రోజు తెల్లవారుజామున జునోనా చెరువు గట్టుకు చేరినాము. మంచు నీటిమీద పొగవలె లేస్తున్నది. మాకు మొదట నీరు, తుంగ తప్ప ఏమీ కనిపించలేదు. గైడు దుర్భిణి కళ్ళకు పెట్టించి, "అక్కడ నల్లగా ఉన్నవి గడ్డలు కావు" అన్నాడు. నిజమే. గడ్డలనుకొన్నవన్నీ బాతులు! ఈలవేసే చిన్న బాతులు వందకు తక్కువ లేవు. ఒక్కసారిగా లేచి, పిల్లలు ఈలలు ఊదినట్లు అరుస్తూ చెరువు చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడే వాలినవి.

ఆ తరువాత ఒక్కొక్కటే చూపసాగినాడు. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా నడుమ సందు ఉంటుంది. నత్తను పట్టుకోవటానికి ఆ ముక్కు అనువుగా ఏర్పడిందట. తామరాకుల మీద పొడుగు వేళ్ళతో నడిచే పిట్ట ఒకటి ఉన్నది. వానాకాలంలో దానికి అందమైన పొడుగు తోక వస్తుంది. గుడ్లు పెట్టడం వరకే ఆడదాని పని. పొదిగేదీ, పిల్లలను సాకేదీ మగదే. ఇది విన్న మా ఆడవారందరూ ఆ పిట్టను మళ్ళీ మళ్ళీ చూపించమన్నారు. మగవారు నీటికాకుల వైపు దృష్టి మళ్ళించినారు.

"మీ భాషలో దీనిని ఏమంటారు?" అని మనుమడు ఒక పక్షిని చూపి అడిగితే, గైడు "పిట్టె" అన్నాడు. గోండీలో పక్షిని పిట్టె అంటారు. పులిని పుల్లి అంటారు. నీటిని ఏర్ అంటారు. మనకు ఏరు అంటే నది, వారికి నీరే ఏరు. నలభై ఏళ్ళుగా సంతలో ఈ మనుషుల దగ్గర ఇప్పపువ్వు, తేనె కొంటున్నాము. ఇన్నేళ్ళలో ఒక్క మాటైనా చెవిపెట్టి వినలేదు. బంధువుల ఇంటి పక్కనే ఉండి పలకరించనివారి వలె మాకు సిగ్గు కలిగింది.

మధ్యాహ్నం ఇరయి ఆనకట్ట వెనుకనున్న నీటి ఒడ్డుకు పోయినాము. ఇరయి నదికి అడ్డంగా ఈ ఆనకట్ట కట్టినది చంద్రపూర్ విద్యుత్కేంద్రానికి నీరివ్వటానికి. బొగ్గు కాలాలంటే నీరు కావాలి. దూరాన పొగగొట్టాలు కనిపిస్తూనే ఉన్నవి. ఇటు ఇసుక తిన్నె మీద బూడిదరంగు పెద్దబాతులు ముప్పై దాకా ఎండకు కూర్చున్నవి. వాటి తెల్లని తలమీద రెండేసి నల్ల పట్టీలు. టిబెట్ వైపు ఎత్తైన మైదానాలలో గుడ్లు పెట్టి, హిమాలయాలు దాటి, చలికాలం గడపటానికి మన దేశపు చెరువులకు వస్తాయట. విద్యుత్కేంద్రం కోసం కట్టిన నీటికి హిమాలయాల అవతలి అతిథులు! మనిషి చేసే ప్రతి పనీ చేటు కాదని ఆ పూట సంతోషించినాము. ప్రతి పనీ మేలు కాదని మూడవ రోజున తెలిసింది.

రెండవ రోజు తాడోబా. 1955లో జాతీయవనంగా ప్రకటింపబడినది. మహారాష్ట్రలోని జాతీయవనాలలో అన్నిటికంటె పాతది ఇదే. పక్కనున్న అంధారి అభయారణ్యాన్ని 1986లో ఏర్పరచి, 1995లో రెంటినీ కలిపి పులుల సంరక్షణ కేంద్రం చేసినారు. లోపలి అడవి 625 చదరపు కిలోమీటర్లు. మొహర్లీ గేటు దగ్గర ఆరు గంటలకు పేర్లు చూసి, సెల్‌ఫోన్లు పక్కన పెట్టించి, రెండు జిప్సీలలో ఎక్కించినారు. ఫోను చేతిలో లేకపోయేసరికి మొదటి పావుగంట మా మనుమడికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఆ తరువాత కళ్ళు పనిచేయటం మొదలుపెట్టినవి.

అడవి మనకు తెలిసిన అడవే: టేకు, వెదురు, నల్లమద్ది, ఇప్ప, తునికి, మోదుగ. దారి వెంట అక్కడక్కడ రాతి స్తంభాలున్నవి. గోండు రాజుల కాలంలో వాటికి తాళ్ళు కట్టి గంటల ద్వారా కబురు అందించేవారని చెబుతారు. ఒక మర్రి పండ్లమీద పచ్చగువ్వలు ఆకులలో ఆకులై తింటున్నవి. పక్క ఎండుకొమ్మ మీద పాలపిట్ట. పచ్చగువ్వ మహారాష్ట్ర రాష్ట్ర పక్షి, పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. రెండూ ఒకదాని నొకటి పట్టించుకోకుండా హాయిగా ఉన్నవి. దసరానాడు పాలపిట్టను చూడటానికి ఊరవతలికి పరుగెత్తే అలవాటుతో మేమందరమూ చేతులు జోడించినాము.

తాడోబా చెరువు ఒడ్డున పెద్ద చెట్టు కింద తారు అనే దేవుని గుడి ఉన్నది. తారు ఒకప్పటి గ్రామపెద్ద. పులితో పోరాడి చనిపోయినాడనీ, ఆ పేరుమీదనే ఈ చోటు తాడోబా అయిందనీ కథ. పుష్యమాసంలో గిరిజనులు ఇక్కడ జాతర చేసుకొనేవారు. చెరువులో మొసళ్ళు ఎండకు నోరు తెరచుకొని పడి ఉన్నవి. చేపల గద్ద ఒకటి నీటిమీదికి వంగిన కొమ్మపై కూర్చుని, మేమున్నంతసేపూ తల తప్ప కదల్చలేదు.

పులి సంగతి. చెరువు దాటినాక కొండముచ్చు ఒకటి చెట్టుపై నుండి దగ్గినట్లు అరిచింది. చుక్కల దుప్పులు ఒక్కటొక్కటే తోకలు లేపి ఒకే దిక్కుకు చూడసాగినవి. గైడు వేలు పెదవిపై పెట్టుకొన్నాడు. వెదురు పొదలోంచి పెద్దపులి బయటికి వచ్చి, మా బండ్లను రాళ్ళను చూచినట్లు చూచి, దారి దాటి అవతలి గడ్డిలో కలిసిపోయింది. పదిదాకా లెక్కపెట్టే కాలం పట్టి ఉంటుంది. చాలాసేపటివరకు ఎవరూ మాట్లాడలేదు. మనుమడు మెల్లగా, "తాతా, అది మనను చూచి భయపడలేదు" అన్నాడు.

తిరుగుదారిలో, ఈ అడవి ప్రక్కన బ్రతకడం ఎట్లా ఉంటుందని గైడును అడిగినాము. కొంతసేపు ఊరకుండి చెప్పినాడు. వాళ్ళ పెదనాయన ఇప్పపువ్వు ఏరటానికి తెల్లవారుజామున పోయి తిరిగి రాలేదట. ఈ జిల్లాలో ఇటీవలి సంవత్సరాలలో ఏటా ఇరవైమందికి పైగా పులుల వాత పడుతున్నారు. వారిలో చాలామంది ఇప్పపువ్వుకో, తునికాకుకో, కట్టెలకో, పశువుల వెంటనో పోయినవారు. "మరి పులిమీద కోపం రాదా?" అని వదినగారు అడిగినారు. "వంగి పూలు ఏరుకొనే మనిషి దానికి మనిషిలా కనపడడు, కాకూ. ఇప్పుడు మావాళ్ళు పొద్దెక్కినాక గుంపుగా పోతున్నారు. నేను ఈ పనిలో చేరినాక మా అమ్మ అడవికి పోవటం మానేసింది" అన్నాడు. పులిని చూడటానికి మేమిచ్చిన రుసుము ఒక తల్లిని ఇంటిపట్టున ఉంచుతున్నదని విన్నాక, ఖర్చు ఎక్కువైందన్న మా మిత్రుని సణుగుడు ఆగిపోయింది.

మూడవ రోజు బల్లార్షా స్టేషనులో ఉదయపు రైలెక్కి సిర్పూర్ కాగజ్‌నగర్ వైపు సాగినాము. స్టేషను దాటగానే వార్ధా నది వంతెన. అవతల రాజూరా తాలూకా. 1956 వరకు అది హైదరాబాదు రాష్ట్రంలో, మన ఆదిలాబాదు జిల్లాలోనిది. మనుషులకు హద్దులు మారినవి గాని అడవికి మారలేదు. తాడోబాలో పుట్టి, చోటు చాలని పులులు ఈ రాజూరా అడవులగుండా నడిచి కాగజ్‌నగర్ అడవులకూ, 2012లో పులుల కేంద్రమైన కవ్వాలు వైపునకూ పోతుంటాయి. మా తండ్రులు అన్నం వెదుక్కుంటూ ఇటు వచ్చిన దారినే అవి అటు పోతున్నవి. కాకపోతే వాటి దారిలో రైలు పట్టాలు, రోడ్లు, గనులు అడ్డం.

కాగజ్‌నగర్‌లో దిగి, అటవీశాఖవారి అనుమతితో జీపులలో పెంచికల్‌పేట వైపు పోయినాము. వార్ధా, వైన్‌గంగ నదులు తుమ్మిడిహెట్టి దగ్గర కలిసి ప్రాణహిత అవుతాయి. ఆ నదికి ఇవతల, నందిగాం సమీపాన, పెద్దవాగు పక్కన పాలరాపు గుట్ట ఉన్నది. నిలువుగా కోసినట్లున్న రాతిచరియ. 2013లో ఈ చరియ అరుగులమీద పొడుగుముక్కు రాబందులు గూళ్ళు పెట్టి ఉండగా అటవీశాఖవారు గుర్తించినారు. తెలంగాణలో రాబందులు ఇక లేవనుకొన్న రోజులలో అది పెద్ద వార్త. ఇక్కడ వాటికి ఆహారం, కాపలా ఏర్పాటు చేసినారు. అయినా వానలకు గూళ్ళు దెబ్బతిన్న ఏళ్ళున్నవి, పక్షులు కానరాని కాలాలున్నవి. గుట్టమీద తెల్లని చారలు చూపి, "అవి రెట్టల గుర్తులు. పాతవో కొత్తవో ఇక్కడినుంచి చెప్పలేను. కూర్చుందాం" అన్నాడు గైడు.

చెట్లనీడన కూర్చున్నాము. పులిహోర పొట్లాలు విప్పినాము. గంట గడిచింది. అప్పుడు మనుమడు అడిగినాడు: "అందరూ పులి అంటే నువ్వు రాబందు అన్నావెందుకు తాతా?"

చెప్పక తప్పలేదు. 1996 ఎండాకాలం. కాలనీ చివర మాకొక చిన్న ఇల్లు, పాలకు ఒక బర్రె. ఈనిన నెలకే దానికి పొదుగు వాచి జ్వరం వచ్చింది. పశువుల డాక్టరును పిలిపించినాము. నొప్పికి, వాపుకు కొత్తగా మంచి మందు వచ్చిందని రెండు రోజులు సూదులు వేసినాడు. ఆ రోజుల్లో ఊరూరా అదే మందు. మూడవనాడు బర్రె చనిపోయింది. ఆనాటి పద్ధతి ప్రకారం బండిమీద వేయించి ఊరవతల బీటిలో పారవేసినాము. మధ్యాహ్నానికి ఆకాశంలో చుక్కలు కనిపించినవి. అరగంటలో నలభై యాభై రాబందులు దిగినవి. సాయంకాలానికి ఎముకలే మిగిలినవి. వాసన లేదు, ఈగ లేదు. "చూడు, ఎంత శుభ్రంగా పని చేసినవో" అని ఆనాడు మేమే అన్నాము. మరి రెండేళ్ళకు ఆ బీటివైపు చూస్తే, కళేబరాల చుట్టూ కుక్కలు తప్ప ఒక్క పక్షి లేదు. ఎక్కడికో వలస పోయినవనుకొన్నాము.

వలస పోలేదు. ఆ మందు పేరు డైక్లోఫెనాక్. మనుషుల నొప్పులకు మనమూ మింగుతున్నదే. మందు పడిన పశువు రెండు మూడు రోజులలోపు చనిపోతే దాని మాంసంలో మందు నిలిచి ఉంటుంది. ఆ మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడి కొద్ది రోజులలో చనిపోతుంది. పాకిస్తాన్‌లో చచ్చిన రాబందులను పరీక్షించి 2004లో శాస్త్రజ్ఞులు ఈ సంగతి బయటపెట్టినారు. 2006లో మన ప్రభుత్వం పశువులకు ఆ మందు నిషేధించింది. కాని అప్పటికే, 1992 నుండి 2007 లోపల, మన దేశంలో తెల్లవీపు రాబందులు వెయ్యింటికి ఒకటి మిగిలినవి. పొడుగుముక్కువి నూటికి మూడు. ఈ పక్షి ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. పిల్ల పెరిగి తాను గుడ్డు పెట్టటానికి అయిదేళ్ళు పడుతుంది. పోయినంత తొందరగా తిరిగి రావటం దాని చేతిలో లేదు.

మా బర్రె వలననే ఆ నలభై పక్షులు చచ్చినవనటానికి రుజువు లేదు. కాదనటానికీ లేదు. డాక్టరుకు తెలియదు, మాకు తెలియదు, ఆనాడు ఎవరికీ తెలియదు. పత్రికలో ఈ మందు సంగతి చదివిన నాటినుండి ఆ మధ్యాహ్నపు చుక్కలు కళ్ళముందు మెదులుతూనే ఉన్నవి. ఒక్కటైనా బ్రతికి ఉండగా కంట చూడాలన్నది మా కోరిక.

మనుమడు ఏమీ అనలేదు. దుర్భిణి తీసుకొని ఆకాశంవైపు చూడటం మొదలుపెట్టినాడు. రామాయణం ఎరిగిన వదినగారు మాత్రం, "జటాయువు కులం గదా" అని మెల్లగా అన్నారు. శాంతి మాట ఇక ఎత్తలేదు.

మూడు గంటల వేళ గైడు లేచి నిలబడినాడు. ప్రాణహిత అవతల, గడ్చిరోలి అడవులవైపు నుండి ఒక చుక్క. గద్ద అనుకొన్నాము. దగ్గరికి వచ్చినకొద్దీ వెడల్పైనది. రెక్కలు చాచితే ఏడడుగులుంటాయేమో, ఒక్కసారి కూడా ఆడించలేదు. గుట్ట అంచుదాకా వచ్చి, గాలిమీద రెండు చుట్లు తిరిగి, చరియ పైఅరుగున వాలింది. బోసి మెడ ఇటూ అటూ తిప్పింది. ఒకే ఒక్కటి. మరొకటి వస్తుందేమోనని పొద్దు వాలేవరకూ చూచినాము. రాలేదు. గైడు తన పుస్తకంలో తేదీ, గంట, "1" అని వ్రాసుకొన్నాడు. నిజాం రాజ్యమంతటా పక్షుల లెక్కకు 1931-32లో సలీం ఆలీగారు తిరిగినప్పుడు రాబందును వ్రాసుకోవటం ఇంత అపురూపంగా ఉండి ఉండదు.

రాత్రి రైలులో మనుమడు నిద్రపోయినాడు. మంథని దగ్గర పల్లెలో ఉన్న మా తమ్ముడికి ఫోను చేసినాము. వాడికి నాలుగు బర్రెలు. జరిగినదంతా చెప్పి, పశువుకు నొప్పి మందు వేయించవలసి వస్తే మెలాక్సికాం అడుగు, అది రాబందుకు హాని చేయదు. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా 2023లో పశువులకు నిషేధించినారు, ఎవరైనా ఇస్తామన్నా వద్దను, మనుషులకు అమ్మే డైక్లోఫెనాక్ సూది తెచ్చి పొడిపించకు అని చెప్పినాము.

తమ్ముడు నవ్వినాడు. "మా దిక్కు రాబందులెక్కడివన్నా, పోయి ముప్పై ఏండ్లాయె" అన్నాడు. కొంచెం ఆగి, "ఆ మందు పేరు మళ్ళోసారి చెప్పు, రాసుకుంటా" అన్నాడు. మేము అక్షరం అక్షరం పలికి వ్రాయించినాము.